మూడు వందల డెబ్బై ఒక్క చెవుల మనిషి

సాంతా క్రూస్ శాఖలోని రెండు కంప్యూటర్ వ్యవస్థల మధ్య నూటికి నూరు శాతం ఏకాభిప్రాయం కుదిరిందని ‘ఓయిదో ఫియెల్’ వినికిడి యంత్రాల సంస్థ జూలై ఇరవై నాలుగున ప్రకటించింది. ప్రకటన కింద అధ్యక్షుడి సంతకం, శాఖ ముద్ర ఉన్నాయి. ఏకాభిప్రాయం ఎలా కుదిరిందో మాత్రం అందులో లేదు. ప్రకటనల్లో అలాంటివి ఉండవు కాబట్టి ఇక్కడ చెప్పవలసి వస్తోంది.

ఆ శాఖలో రికార్డులు చూసే ఉద్యోగి పేరు జెనైదా బ్రిసేన్యో. ఇరవై రెండేళ్ల సర్వీసు. పాత వ్యవస్థలో ఉన్న వినియోగదారుల పేర్లు, చిరునామాలు అన్నీ ఆమె టైపు చేసినవే. దానికి ప్రత్యేకంగా పేరు లేదు; అందరూ ‘జెనైదా దగ్గరిది’ అనేవారు. కొత్తదాన్ని మార్చిలో రాజధాని సాన్ హోసే నుంచి పంపించారు. దానికి ‘సామీప్యం’ అని పేరు పెట్టారు. వినియోగదారులకు సంస్థను దగ్గర చెయ్యడం దాని లక్ష్యం. అది వచ్చాక ముందు గదిలో కుర్చీలు తీసేసి దాని తాలూకు పెట్టెలు పెట్టారు. వినియోగదారులు ఇప్పుడు అరుగు మీద నిలబడుతున్నారు.

రెండు వ్యవస్థల్లోనూ ఒకే మనుషులు ఉండాలి. ఉన్నారో లేదో పోల్చి చూడమని జూలై మొదటి వారంలో ఉత్తర్వు వచ్చింది. పాతదానిలో 4,112 మంది ఉన్నారు. కొత్తదానిలో 3,899 మంది ఉన్నారు. సాన్ హోసే నుంచి వచ్చిన సలహాదారు రాండల్ కిరోస్ ఆ తేడా చూసి ఏమాత్రం కంగారు పడలేదు.

“పాతదానిలో కొవ్వు ఉంది డోన్యా జెనైదా. కొత్తది కరిగించింది” అన్నాడు.

“కొవ్వు రెండు వందల పదమూడు మంది మనుషులు, సార్.”

“మనుషులు అనకండి. రికార్డులు అనండి. మనసుకు తేలిగ్గా ఉంటుంది.”

జెనైదా రెండు జాబితాలూ ప్రింటు తీసి, స్కేలు, ఎర్ర పెన్సిలు పెట్టుకుని కూర్చుంది. మూడో రోజు మధ్యాహ్నం భోజనానికి ముందు సంగతి తెలిసింది. మాయమైన వాళ్లందరూ గ్వాయబాల్ పేట వాళ్లే.

దరఖాస్తులో ఫోన్ నంబరు తప్పనిసరి. వినికిడి యంత్రం కోసం వచ్చినవాడికి ఫోను దేనికని దరఖాస్తు తయారు చేసినవారు ఆలోచించలేదు. గ్వాయబాల్ వాళ్లు ఆలోచించారు. పేట మూలన డోన్యా ఎల్సీ కిరాణా కొట్టు ఉంది. ఆ పేటకు మొదట ఫోను వచ్చింది ఆ కొట్టుకే. కబురు ఏదైనా అక్కడికి వస్తుంది, ఎల్సీ విని, తలుపు మూసి, మనిషి ఇంటికి వెళ్లి, అతను చూసేలా ఎదురుగా నిలబడి చెప్పి వస్తుంది. ముప్పై ఏళ్లుగా ఇదే పద్ధతి. అందుచేత పేటలోని రెండు వందల పద్నాలుగు మంది వినియోగదారులూ దరఖాస్తులో ఆ కొట్టు నంబరే రాయించారు. పాతదానికి ఇందులో వింత కనిపించలేదు. కొత్తదానికి ఒక నియమం ఉంది: ఒక ఫోనుకు ఒక మనిషి. అది రెండు వందల పద్నాలుగు మందినీ కలిపి ఒక్కరిని చేసింది. అందరిలో చివరగా శాఖకు వచ్చినవారి పేరు ఆ ఒక్కరికి పెట్టింది.

ఆ గౌరవం డాన్ అనక్లేతో మతర్రీతాకు దక్కింది. ఆయన వయసు డెబ్బై ఎనిమిది. వినిపించేది కుడిచెవి ఒక్కటే, అదీ యంత్రం సాయంతో. ఆ యంత్రం జూన్ ఆఖరున గరగరమంటుంటే బాగుచేయించడానికి ఇచ్చి వెళ్లాడు. ‘సామీప్యం’ లెక్కలో ఆయనకు ఇప్పుడు మూడు వందల డెబ్బై ఒక్క చెవులు. భార్యలు అరవై ఒక్కరు, భర్తలు నలభై ముగ్గురు. పుట్టినరోజులు నూట తొంభై. శుభాకాంక్షల ఫోను కొట్టుకు వచ్చినప్పుడల్లా ఎల్సీ వెళ్లి చెప్పింది. నాలుగో రోజు నుంచి ఆయన కూడా కృతజ్ఞతలు చెప్పడం మానేశాడు.

యంత్రం బాగుపడి జూలై పదకొండుకే శాఖకు వచ్చింది. పన్నెండున ఆయన ఎల్సీని వెంటబెట్టుకుని అరుగు మీదికి వచ్చాడు. ఎల్సీ ఆయన కూతురికి బాప్తిస్మం నాటి జ్ఞానతల్లి. ఆ వరసతో ఒకరినొకరు కొంపాద్రే, కొమాద్రే అని పిలుచుకుంటారు.

“డోన్యా జెనైదా, నా చెవి వచ్చిందా?”

జెనైదా తలూపి, తర్వాత అడ్డంగా కూడా ఊపింది. విషయం ఎల్సీకి చెప్పింది. ఎల్సీ ఆయన మొహానికి ఎదురుగా వచ్చి నిలబడింది.

“వచ్చిందట. ఇవ్వరట.”

“ఏం?”

“నీకు చెవులు ఎక్కువయ్యాయట కొంపాద్రే. మనిషికి రెండే అట రూలు.”

“నాకున్నది ఒకటేగా.”

“అది నీ లెక్క. వీళ్ల లెక్కలో పేట చెవులన్నీ నీవే. నా చెవులు అడగలేదు, సంతోషించు.”

ఆయన జెనైదా వైపు తిరిగాడు. “ఇరవై ఐదో తారీకు పండక్కి పార్కులో మరింబా వాయించాలి” అన్నాడు. “పోయినేడు బ్యాటరీ అయిపోయి, పాట ముగిసిందనుకుని కర్రలు దించేశాను. మిగతా ఇద్దరికీ ఇంకా ఒక చరణం ఉంది. ఈసారి చెవి లేకుండా వస్తే నా చోట కస్కాంతేని నిలబెడతామన్నారు.”

మరింబా అంటే ముగ్గురు పక్కపక్కన నిలబడి కర్రలతో వాయించే చెక్కపలకల వాయిద్యం. మంద్రస్వరాలు పలికే మందపు చెక్కల వైపు ఆయన నలభై ఆరేళ్లుగా నిలబడుతున్నాడు. కస్కాంతే కుర్రవాడే, యాభై నాలుగేళ్లు. కానీ ఎనిమిదేళ్లుగా ఆ చోటు కోసం చూస్తున్నాడు.

యంత్రం జెనైదా కుర్చీ వెనక గాజు అలమరలో, డబ్బాలో, ఆయన పేరున్న చీటీతో కనిపిస్తూనే ఉంది. అలమర తాళం ‘సామీప్యం’ ఆధీనంలో ఉంటుంది. అది కోడు ఇస్తే తెరుచుకుంటుంది. జెనైదా మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అది ‘ఈ వినియోగదారుడికి చెవులు చాలును’ అని జవాబిచ్చింది.

ఆమె నాలుగు పేజీల నివేదిక రాసింది. రెండు వందల పద్నాలుగు పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, ఎవరి ఇల్లు ఎక్కడో జతచేసింది. సాన్ హోసేలో ఐదుగురు సభ్యుల సంఘం దాన్ని పరిశీలించి, ఆమె శ్రమను మెచ్చుకుంటూ ఇలా తీర్మానించింది: ‘రెండు వ్యవస్థలు విభేదించిన చోట, ఖరీదైన వ్యవస్థ చెప్పినదే యథార్థంగా భావించవలెను. పాత వ్యవస్థను కొత్తదానికి అనుగుణంగా తక్షణమే సరిదిద్దవలెను. మిగిలిన రెండు వందల పదమూడు మంది తాము వేరువేరు వ్యక్తులమని భావించిన యెడల, సొంత ఫోను సంపాదించి, సంస్థ నుంచి వచ్చే ఫోను పిలుపును స్వయంగా విని జవాబు చెప్పి, తమ ఉనికిని ధ్రువపరచుకొనవచ్చును.’

జెనైదా తన చేత్తో టైపు చేసిన పేర్లను తన చేత్తోనే తీసేసింది. ఒకటిన్నర రోజు పట్టింది. తీసే ముందు ప్రతి పేజీ ప్రింటు తీసుకుని సొరుగులో పెట్టుకుంది. రాండల్ కిరోస్ ఆమె వెనక నిలబడి కాఫీలో రొస్కియా బిస్కెట్టు ముంచుకుంటూ, “చూశారా, ఎంత నున్నగా వచ్చిందో” అన్నాడు.

పేట వాళ్లలో ఒక్కరే ఉనికి నిరూపించుకోవడానికి ప్రయత్నించారు. డోన్యా ఫెలీసితాస్ అనే ఆవిడ మనవరాలి ఫోను తెచ్చుకుని కూర్చుంది. ఫోను మోగింది. వినబడితే ఒకటి నొక్కమని, వినబడకపోతే రెండు నొక్కమని ఒక గొంతు చెప్పింది. ఆవిడ తన మోకాళ్ల నొప్పి సంగతి పావుగంట చెప్పి పెట్టేసింది. ‘వ్యక్తి లేరు’ అని నమోదైంది. మిగతావాళ్లు ఆ జోలికి పోలేదు. ఎందుకంటే మూడు వందల డెబ్బై ఒక్క చెవులకూ బ్యాటరీలు డాన్ అనక్లేతో పేరు మీద కొట్టుకు వస్తూనే ఉన్నాయి. ఎల్సీ తన నోటుపుస్తకం చూసి ఇంటింటికీ పంచుతోంది. సంస్థ దీన్ని సరఫరాలో సాధించిన ప్రగతిగా లెక్కించింది.

పంతొమ్మిదిన మరో ఉత్తర్వు వచ్చింది. దేశం మొత్తంలో సంస్థ మీద అత్యధిక విశ్వాసం చూపిన వినియోగదారుడు డాన్ అనక్లేతో అని ‘సామీప్యం’ తనంతట తానే కనుగొంది. ఆయనకు వజ్ర వినియోగదారుడు అనే బిరుదు, ఫలకం, ఒక ప్రచార కానుక ఇవ్వడానికి అధ్యక్షుడు డాన్ ఒక్తావియో సబోరియో ఇరవై నాలుగున స్వయంగా వస్తున్నారు. కానుకగా గొడుగు సూచించడమైనది. శాఖలో ఉన్న మరేదైనా వస్తువు కూడా ఇవ్వవచ్చును.

ఆ చివరి వాక్యాన్ని జెనైదా రెండుసార్లు చదివింది.

ఇరవై మూడున ఉదయం ఆమె ‘సామీప్యం’ ముందు కూర్చుని వస్తువు బయటికి తీయడానికి కారణాల పట్టిక తెరిచింది. అందులో తొమ్మిది కారణాలు ఉన్నాయి. ఎనిమిదోది ‘బాగుచేసిన యంత్రం వాపసు’. ఆమె తొమ్మిదోది ఎంచుకుంది: ‘ప్రచార కానుక’. కానుకకు చెవుల పరిమితి లేదు. ‘గ్రహీత దీన్ని ఇష్టపడునా?’ అని అది అడిగింది. ఆమె అవునని కొట్టింది. అలమర తెరుచుకుంది. డాన్ అనక్లేతో చెవుల సంఖ్య మూడు వందల డెబ్బై రెండుకు పెరిగింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

సభ శాఖ ఎదుట పందిరి కింద జరిగింది. అరవై మంది దాకా వచ్చారు. ఆ రోజుకు కుర్చీలు తెప్పించారు. డాన్ అనక్లేతో ఇస్త్రీ చొక్కాతో వేదిక మీద కూర్చుని, ఏమీ వినబడకుండానే, పక్కవాళ్లు నవ్వినప్పుడు నవ్వాడు.

“వినడమే మా వృత్తి, వినడమే మా ప్రాణం” అన్నాడు అధ్యక్షుడు. “మీరు నోరు విప్పకముందే విన్నాం. రెండు వ్యవస్థలు నేడు ఒకే గొంతుతో పలుకుతున్నాయి. ఇక్కడ కూర్చున్న ఈ ఒక్క పెద్దమనిషిలో నేను వందలాది మందిని చూస్తున్నాను.”

జెనైదా తల వంచుకుని కార్యక్రమ పత్రం చూసింది. ఈ మాట ఆయనకు ఎవరూ రాసివ్వలేదు.

ఆయన ఊపిరి తీసుకునే వ్యవధిలో కానుక అందించారు. గొడుగుకు పెట్టె చిన్నదని ముందు వరసలో ఎవరో అన్నారు. డాన్ అనక్లేతో విప్పి చూశాడు. జెనైదా వైపు చూశాడు. యంత్రం తీసి, తుడిచి, కుడిచెవిలో పెట్టుకున్నాడు. అధ్యక్షుడు ప్రసంగం కొనసాగించాడు. డాన్ అనక్లేతో ఒక నిమిషం పాటు తల కాస్త పక్కకు వంచి శ్రద్ధగా విన్నాడు. తర్వాత యంత్రం బయటికి తీసి, మీట కట్టేసి, చొక్కా జేబులో పెట్టుకుని బొత్తాం వేసుకున్నాడు.

ఎల్సీ కింది నుంచి సైగతో ఏమైందని అడిగింది.

“బ్యాటరీ రేపటికి దాచుకోవాలి కొమాద్రే” అన్నాడాయన. తన గొంతు తనకు వినబడదు కాబట్టి వీధి చివర దాకా వినబడింది.

అధ్యక్షుడు ఆగి, చిరునవ్వు నవ్వి, మళ్లీ మొదలుపెట్టి, ఇంకో నలభై నిమిషాలు మాట్లాడాడు. మరునాడు పార్కులో మూడు గంటల వాయింపులో మందపు చెక్కల వైపు ఒక్క దెబ్బ కూడా తప్పలేదని, కస్కాంతే చివరిదాకా ఉండి ఇంటికి వెళ్లాడని ఎల్సీ చెప్పింది. కానీ అది మరునాటి సంగతి. ఆ రోజు పందిరి కింద, చెవిలోంచి తీసి జేబులో పెట్టుకోవడానికి ఏమీ లేని అరవై మందీ ప్రసంగం ముగిసేదాకా కూర్చుని, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. జెనైదా కూడా కొట్టింది. చేతులు ఎర్రబడేదాకా కొట్టింది. ప్రసంగంలో ఏముందని ఆ సాయంత్రం ఇంట్లో అడిగితే ఆమెకు ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఆమెకు చెవులు రెండూ బాగానే పనిచేస్తాయి.