ఆరు వారాల్లో అబ్బాయి మరమ్మతు

"కళ్లద్దాల షాపాయన కొడుకు పూర్తిగా బాగైపోయి వచ్చాడట!"

మా వీధికి ఈ కబురు మోసుకొచ్చింది ఫ్లాస్కు పిన్ని. ఆవిడ కళ్లారా చూసింది కాదు. మేడమీద ఇస్త్రీ చేసే ఆవిడ అందట, ఆవిడకు మరిది చెప్పాడట, ఆ మరిది కదిలే బస్సులోంచి చూశాడట. పిన్ని ఎవరింటికెళ్లినా చంకలో టీ ఫ్లాస్కు ఉంటుంది. టీ పోసేలోపు వార్త, టీ చల్లారేలోపు తీర్పు.

"వాడిలో అదొక... ఇది ఉండేది చూడు, అది పోయిందట. ఆరే ఆరు వారాలు! ఇప్పుడు నిఖార్సయిన మగాడిలా నడుస్తున్నాడట!"

పాఠకులారా, ముసిముసిగా నవ్వకండి. ప్రార్థన మందిరంవాళ్లు నడిపే ఈ మనుషుల మరమ్మతు శిబిరాలు మానవజాతికి వరం. వీధికొకటి ఉండాలి. కాదు, సందుకొకటి! నమ్మకం లేకపోతే షాపాయన సంగతే చూడండి.

ఆయన మంచివాడు. ముప్ఫై ఏళ్లుగా ఎదుటివాళ్ల ముక్కు మీద ఫ్రేము సర్ది, "ఇది బాగుందా? పోనీ ఇది?" అని ఓపిగ్గా అడగడమే ఆయన బతుకు. కొడుక్కి ఇరవై మూడేళ్లు. షాపు వెనక గదిలో ఫ్రేములకు అద్దాలు బిగిస్తాడు. ఆవగింజంత స్క్రూని తడబడకుండా కూర్చోబెట్టే వేళ్లు, ఎప్పుడూ ఏదో కూనిరాగం తీసే నోరు. తండ్రితో రోజుకో పేచీ. ఇక వాడు చేసిన ఘోరం ఒక్కటే. లైబ్రరీలో పనిచేసే కుర్రాణ్ణి ప్రేమించాడు.

దొంగతనం చేసుంటే కుర్రతనం అనుకోవచ్చు. తాగి కాలవలో పడుంటే స్నేహితుల మీదకు నెట్టొచ్చు. పెళ్లాన్ని కొట్టే రకమైతే "కోపిష్టి గానీ మనసు వెన్న" అని సర్దేయొచ్చు. కానీ ప్రేమ! దాన్ని ఎవరి మీదకు నెడతారు చెప్పండి?

తల్లి మూడు రోజులు మంచినీళ్లతో సరిపెట్టింది. నాలుగో రోజు మందిరం ఉపదేశకుడు గారు ఇంటికొచ్చారు. దూదిలో చుట్టినట్టుండే గొంతు ఆయనది.

"దేవుడు తప్పు చేయడు తల్లీ. దారిలో ఎక్కడో సరుకు దెబ్బతింటుంది. మనం బాగుచేసి ఆయన పరువు కాపాడాలి."

దేవుడి పరువు తన ఇంటి మీద ఆధారపడి ఉందని షాపాయనకు అంతవరకూ తెలియదు. పాపం, ఆయన బుర్ర ఆయన వృత్తి దారిలోనే నడిచింది. చూపు తేడాగా ఉంటే నంబరు చూసి అద్దం పెడతాం, రెండు రోజులు తలనొప్పిగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. ఇదీ అంతేగా!

"ఆరు వారాలే కదరా. వెళ్లిరా," అన్నాడు.

వయసొచ్చిన కొడుకు. రానంటే కట్టి తీసుకెళ్లేవాళ్లు ఎవరూ లేరు. కానీ గుమ్మంలో తల్లి నిలబడి ఏడుస్తుంటే వయసు ఎవరికి గుర్తుంటుంది? వెళ్లాడు.

ఆ శిబిరంలో జరిగే వైద్యం వింటే మీకు ఒళ్లు పులకరిస్తుంది. తెల్లారకముందే గంట. గంట మోగగానే చన్నీళ్లు. చన్నీళ్లు కాగానే మోకాళ్ల మీద ప్రార్థన. ఆ తర్వాత మగనడక క్లాసు. భుజాలు ఎత్తి, చేతులు దూరంగా పెట్టి, రెండు నిండు బకెట్లు మోస్తున్నట్టు నడవాలి. ఆ తర్వాత ట్రాక్టరు టైరు దొర్లించాలి. అవతలి గోడదాకా దొర్లించడం, మళ్లీ ఇవతలికి దొర్లించడం. మగతనానికీ టైరుకూ ఉన్న సంబంధం మనబోటి వాళ్లకు అర్థం కాదు, పెద్దలకు తెలుసు. పాట నిషేధం. కాలు మీద కాలు నిషేధం. ఆకుపచ్చ చొక్కా కూడా నిషేధమే. ఎందుకని అడగడం అన్నిటికంటే పెద్ద నిషేధం.

అన్నిటికీ తలమానికం రబ్బరు బ్యాండు. దాన్ని మణికట్టుకు వేసుకోవాలి. ఆ లైబ్రరీ కుర్రాడు గుర్తొచ్చినప్పుడల్లా తనకు తానే లాగి వదులుకోవాలి. చట్! కొండంత ప్రేమకు గోరంత రబ్బరు. ఇంత తేలికైన వైద్యం ఏ పెద్దాసుపత్రిలో ఉంది?

అసలు దీన్ని ఒక్క ప్రేమకే పరిమితం చేయడం అన్యాయం అంటాను. ఎడమచేతివాళ్లున్నారు, గురకపెట్టేవాళ్లున్నారు, తుమ్మితే పక్కింటి పిల్లలు లేచేలా తుమ్మేవాళ్లున్నారు. మా మేనమామ ఆరున్నర అడుగుల మనిషి, కనబడిన ప్రతి గుమ్మానికీ నుదురు సమర్పించుకుంటాడు. గుమ్మం ఎత్తు పెంచుదామంటారా? ఎంత అమాయకులండీ మీరు! ఆరు వారాలు గట్టిగా ప్రార్థిస్తే మామయ్యే పొట్టివాడవుతాడు. కాలేదా? ప్రార్థనలో చిత్తశుద్ధి లేదన్నమాట. అదీ శిబిరం గొప్పతనం! మారితే మందిరం మహిమ, మారకపోతే మనిషి మొండితనం. ఇలాంటి గ్యారంటీ ఏ మిక్సీకైనా ఉందా?

సరే, ఆరు వారాలు గడిచాయి. అబ్బాయి ఇంటికొచ్చాడు. వీధి మలుపు నుంచి గుమ్మందాకా ఆ బకెట్ల నడకే. తల్లి ఎదురెళ్లింది.

"ఏరా, నడుం పట్టిందా?"

"లేదమ్మా. నేర్పించారు."

చెంపలు లోపలికి పోయాయి. మణికట్టు చుట్టూ నల్లగా కమిలిన గీత. అయితేనేం, ఎంత మర్యాద! అన్నం పెడితే "అలాగేనమ్మా". పడుకోమంటే "అలాగేనమ్మా". షాపులో తండ్రి ఏం చెప్పినా "అలాగే నాన్నా". ఎదురు చెప్పని కొడుకు ఏ తండ్రికి చేదు? షాపాయన వారం రోజులు మహారాజులా తిరిగాడు. ఫ్లాస్కు పిన్ని రోజుకు రెండుసార్లు వచ్చి, కొత్త కుర్చీని చూసినట్టు అబ్బాయిని నాలుగు వైపుల నుంచీ చూసి వెళ్లింది.

చిన్న చిన్న లోపాలు ఉండనే ఉంటాయి. వెనక గదిలో రాగం ఆగిపోయింది. వేళ్లు వణికి స్క్రూలు కిందపడుతున్నాయి. షాపాయన అయస్కాంతం పట్టుకుని బల్లకింద పాకుతూ వెతుక్కుంటున్నాడు. ఒక మధ్యాహ్నం అలా పాకుతూ ఉండగా, పైనుంచి కొడుకు గొంతు వినపడింది. వచ్చాక వాడంతట వాడు మాట్లాడిన మొదటి మాట అదే.

"నాన్నా, నా పక్క మంచం అతన్ని మూడోవారం ఆస్పత్రికి తీసుకెళ్లారు. మళ్లీ తీసుకురాలేదు."

"జ్వరమా?"

"మేడమీంచి దూకాడు."

షాపాయన బల్లకిందే ఉండిపోయాడు. ఎంతకీ స్క్రూ దొరకలేదు.

మందిరంవాళ్లు అతన్ని నయమైనవాళ్లలో కలపలేదు, నయం కానివాళ్లలోనూ కలపలేదు. ఎంత న్యాయంగా ఉన్నారో చూడండి!

ఆ ఆదివారమే సాక్ష్యాల సభ. బాగైనవాళ్లు వేదికెక్కి తాము ఎలా మారారో పదిమందికీ చెప్పాలి. ఆ తర్వాత తండ్రి లేచి "నిజమే, మారాడు" అని మైకులో చెప్పి, రెండో విడత కాగితం మీద సంతకం పెట్టాలి. రెండో విడత మూడు నెలలు. అబ్బాయిని అడిగితే "నాన్న ఇష్టం" అన్నాడు. అంటే మళ్లీ ఆ గంటకూ ఆ టైరుకూ వాడు వెళ్లాలో అక్కర్లేదో షాపాయన కలం మీద ఆధారపడింది.

హాలు నిండా ప్లాస్టిక్ కుర్చీలు. ముందు వరసలో షాపాయన, పక్కన భార్య, వెనక పిన్ని. అబ్బాయి మైకు ముందు నిలబడ్డాడు.

"నేను చీకటిలో ఉంటిని. నా అడుగులు తప్పుదోవన పడెను. నా తల్లి కన్నీరు నన్ను..."

మైకు కుయ్యిమని ఆగిపోయింది. ఎవరో వచ్చి వైరు సర్దారు. అబ్బాయి గొంతు సవరించుకున్నాడు.

"నేను చీకటిలో ఉంటిని. నా అడుగులు తప్పుదోవన పడెను..."

షాపాయన కుర్చీ అంచుకు జరిగాడు. ఈ రాగం ఆయనకు తెలుసు.

కొడుక్కి ఏడేళ్లప్పుడు ఊళ్లోవాళ్ల కళ్లన్నీ చూసే ఆయన వాడి కళ్లూ చూశాడు. గోడమీది అక్షరాల చార్టును వాడు పై వరస నుంచి అడుగు వరసదాకా గడగడా చదివేశాడు. "నా కొడుకువి గద్ద కళ్లు!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. రెండేళ్ల తర్వాత స్కూలు నుంచి చీటీ వచ్చింది, మీవాడికి బోర్డు కనబడడం లేదని. సంగతేమిటంటే, వాడు పసివాడిగా ఉన్నప్పుడు పడుకున్న ఉయ్యాల ఆ చార్టు కిందే వేశారు. వచ్చినవాళ్లు చదువుతుంటే వినీ వినీ చార్టంతా కంఠస్థం! కనపడిందీ లేదు, చదివిందీ లేదు. తండ్రి మెచ్చుకుంటున్నాడని అప్పజెప్పాడు. ఆ రెండేళ్లూ గుమ్మాలకు గుద్దుకుంటుంటే "చూసి నడవరా దున్నపోతా" అని కసిరింది కూడా ఆ తండ్రే. అప్పటినుంచీ ఆయనకో అలవాటు. ఎవరైనా మరీ వేగంగా చదివితే మధ్యలో ఆపుతాడు.

ఆపాడు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నాన్నా, మొదటినుంచి వద్దు. మధ్యలోంచి చెప్పు."

అబ్బాయి పెదాలు కదిలాయి. మధ్య వాక్యం కోసం మొదటినుంచీ లోపలే అప్పజెప్పుకుంటున్నాడు.

"పోనీ, నీ మాటల్లో ఒక్క ముక్క చెప్పు. ఏదైనా సరే."

"నేను చీకటిలో ఉంటిని..." అన్నాడు అబ్బాయి, ఈసారి చాలా మెల్లగా.

తల్లి చీరకొంగు నోట్లో కుక్కుకుంది. ఉపదేశకుడు గారు చిరునవ్వుతో ముందుకొచ్చారు. "కంగారుపడుతున్నాడు. పాత జబ్బు ఇంకా వేళ్లూనుకుని ఉంది. అందుకే కదా రెండో విడత! నాన్నగారూ, ఇక్కడ సంతకం."

"పెట్టేయ్ అన్నయ్యా," వెనకనుంచి పిన్ని గుసగుస. "ఇంతమందిలో ఇంటి పరువు బజారున పెట్టుకుంటావా? నీకు నోరెత్తడం కూడా వచ్చా?"

చూశారా పిన్ని ఎంత సరిగ్గా చెప్పిందో! ప్రతి తండ్రీ ఇలా లేచి ప్రశ్నలేస్తే ఏ శిబిరం నిలబడుతుంది? ఒకడు పక్క మంచం గురించి అడుగుతాడు. ఇంకొకడు కమిలిన చెయ్యి ఎత్తి చూపిస్తాడు. మూడోవాడు పోలీసులంటాడు, కోర్టంటాడు. చివరికి మన పిల్లలు మన పిల్లల్లాగే మిగిలిపోతారు! ఆ దురవస్థ రాయడానికే నాకు చెయ్యి ఆడడం లేదు.

షాపాయన కాగితం అందుకున్నాడు. కళ్లజోడు నుదుటి మీదకు తోసి, దగ్గరగా పెట్టుకుని మొత్తం చదివాడు. మడిచి, ఉపదేశకుడు గారి చేతిలోనే పెట్టి, మైకు తన వైపు తిప్పుకున్నాడు.

"మారాడా అని అడిగారు కదా, మారాడండీ. ఇదివరకు నాతో దెబ్బలాడేవాడు. ఇప్పుడు నేను గదిలోకొస్తే చాలు, లేచి గోడకానుకుని 'తప్పయిపోయింది నాన్నా' అంటున్నాడు. ఏం తప్పురా అంటే తెలీదంటున్నాడు. వాడు పుట్టినప్పటినుంచీ నేను ఒక్క దెబ్బ కొట్టలేదు. ఇది పోగొట్టడానికి మీ దగ్గర ఎన్ని వారాల కోర్సుందో చెప్పండి, అప్పుడు సంతకం పెడతాను."