జ్ఞానశేఖర్ గారి పది నిమిషాలు

విశాఖపట్నం ప్రజల చెవులు ఇన్నాళ్లూ దిక్కూమొక్కూ లేకుండా పడి ఉన్నాయనీ, వాటి సంక్షేమం ఇకమీదట ప్రభుత్వమే చూసుకుంటుందనీ చిన్న పరిశ్రమల శాఖామాత్యులు శ్రీ సన్యాసిరాజు గారు ప్రకటించారు. ఇందుకు తొలిమెట్టుగా, వచ్చే ఆదివారం సాయంత్రం గాజువాకలో, హై-ఫై సెట్ల తయారీదారు శ్రీ జ్ఞానశేఖర్ గారికి పదివేల మంది కస్టమర్ల సమక్షంలో ఘన సన్మానం జరుగుతుందని కూడా సెలవిచ్చారు.

పోర్టు ఆఫీసులో సీనియర్ క్లర్కు నీలకంఠం ఈ వార్తను క్యాంటీన్లో చదివాడు. చదివినవాడు టీ తాగడం మరిచిపోయాడు. ఆ సన్మానం తలపెట్టింది అతనే. తలపెట్టినప్పుడు కస్టమర్లు అతనితో కలిపి ఇరవై ముగ్గురు. మిగతా తొమ్మిది వేల తొమ్మిది వందల డెబ్బై ఏడుగురూ ఎవరో అతనికి తెలియదు.

జ్ఞానశేఖర్ గారిది ఆటోనగర్లో ఒక రేకుల షెడ్డు. లారీ బాడీలు కొట్టే చప్పుళ్ల మధ్య కూర్చుని పాతికేళ్లుగా ఆంప్లిఫయర్లూ స్పీకర్లూ చేస్తున్నాడు. ఆయన దగ్గర సెట్టు కొనడం పిల్లనిచ్చినంత పని. సెట్టు తనే రిక్షాలో వేసుకుని కొనేవాళ్లింటికి వచ్చేవాడు. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఒక రికార్డు పెట్టేవాడు. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. మధ్యలో ఎవరైనా "కాఫీ తాగుతారా?" అన్నారో, ముల్లు ఎత్తి మళ్లీ మొదటినుంచి పెట్టేవాడు. నీలకంఠం ఇంట్లో అయిదుసార్లు పెట్టాడు. ఆరోసారి అందరూ ఊరుకున్నారు. రికార్డులో వీణ వాయించే ఆవిడ ఊపిరి పీల్చుకోవడం వినబడి నీలకంఠం భార్య కళ్లు తుడుచుకుంది. ఆ రోజునుంచీ నీలకంఠం ఆయన్ని మాస్టారూ అంటాడు.

అరవై అయిదు నిండాయి, షెడ్డు మూసేస్తున్నానని మాస్టారు అన్నప్పుడు కస్టమర్లంతా కలిసి ఏదైనా చెయ్యాలనుకున్నారు.

"శాలువా గట్రా వద్దు నీలకంఠం. నాను సేసిన ఆఖరి సెట్టు ఒకటుంది. అందరూ ఒక్కచోట కూకోని, పది నిమిషాలు నోరు మూసుకుని ఇనండి. ఇన్నేళ్లలో పదిమంది కలిసి పూర్తిగా ఇన్నది నాను సూడలేదు. అదొక్కటే నా కోరిక" అన్నాడు మాస్టారు.

"ఇది నా మాట మాస్టారూ" అన్నాడు నీలకంఠం.

షెడ్డులో కుర్చీలు ఎనిమిదే ఉన్నాయి. ఇంకో పదిహేను కోసం వార్డులో పార్టీ పనులు చూసే తాతబాబు దగ్గరికి వెళ్లాడు. మనిషి చేసే పొరపాట్లు చాలా రకాలు. నీలకంఠం చేసింది ఇది: కుర్చీలు ఎందుకో చెప్పాడు.

"ఏటి బావా నువ్వు! పాతికేళ్ల కంపెనీకి సన్మానమా, అదీ షెడ్డులోనా? మంత్రిగారు లేకండా సన్మానమేటి? మన మంత్రిగారు ఖాళీగానే ఉన్నారు, నాను మాటాడతాను" అన్నాడు తాతబాబు.

"వద్దు బావా, మేం ఊరికే కూర్చుని వింటాం."

"ఊరికే కూకోని ఇనడానికి పదిహేను కుర్చీలెందుకు బావా?"

కుర్చీల కోసం వెళ్లినవాడు మంత్రిని తెచ్చుకున్నాడు.

ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. షెడ్డు చాలదని సభ మైదానానికి మారింది. మైదానం బోసిగా ఉందని స్వాగత ద్వారాలు లేచాయి. స్వాగత ద్వారాల మీద మంత్రిగారి బొమ్మ పన్నెండడుగులు, మాస్టారి పేరు ఒక అడుగు. తాతబాబు బావమరిదికి మైకుసెట్టు వ్యాపారం ఉండడం ఈ ఊరి అదృష్టం. నలభై రేకు గొట్టాలు కరెంటు స్తంభాలకు కట్టించాడు. కార్యక్రమాల పట్టికలో మాస్టారి పది నిమిషాలు పద్నాలుగో అంశం అయింది. దాని పక్కన 'సమయాన్ని బట్టి' అని అచ్చువేశారు.

ఆదివారం నాలుగు గంటలకు మాస్టారు ఇస్త్రీ చొక్కాతో, ఆఖరి సెట్టుతో మైదానానికి వచ్చాడు. గొట్టాలకేసి చూశాడు. అవి అప్పటికే "హలో మైక్ టెస్టింగ్" అని అరుస్తున్నాయి. ఆయన చెవులు మూసుకోలేదు, పెద్దమనిషి గనక.

"నన్ను క్షమించండి మాస్టారూ" అన్నాడు నీలకంఠం.

"పద్నాలుగోది ఉంది కదా. సూద్దాం" అన్నాడు మాస్టారు.

అంతలో తాతబాబు పరుగెత్తుకొచ్చాడు. "మాస్టారూ, మీ సెట్టుకి టేపు తగిలించి మంత్రిగారి ప్రసంగం రికార్డు సెయ్యండి. రేడియోవాళ్లకిద్దాం."

పని చెబితే అరకొరగా చెయ్యడం మాస్టారికి చేతకాదు. తన మంచి మైకును మంత్రిగారి కుర్చీ ఎదుట పూలకుండీలో అమర్చాడు. మాటలు మొదలయ్యాక మీట నొక్కితే మొదటి అక్షరం పోతుందని, మంత్రిగారు వేదిక ఎక్కగానే నొక్కేశాడు.

మంత్రిగారు రెండున్నర గంటలు మాత్రమే ఆలస్యంగా దయచేశారు. లారీల్లో వచ్చిన కస్టమర్లు చప్పట్లు కొట్టారు. మంత్రిగారికి శాలువా కప్పారు, గజమాల వేశారు, వెండి నెమలి ఇచ్చారు. తర్వాత మాస్టారికి కూడా ఒక శాలువా కప్పారు.

"శ్రీ జ్ఞానశేఖర్ గారి ఫ్యాను తిరగని ఇల్లు ఈ విశాఖపట్నంలో ఉందా అని నేను సవాలు చేస్తున్నాను!" అని మంత్రిగారు గర్జించారు.

తాతబాబు వంగి, "సౌండు సార్, సౌండు" అన్నాడు.

"సౌండు! ఎంత తిరిగినా సౌండు రాదు! అదీ ఆ ఫ్యాను గొప్పతనం!"

చప్పట్లు మారుమోగాయి. నీలకంఠం పట్టిక చూసుకున్నాడు. ఇంకా ఎనిమిదో అంశమే అయింది, చీకటి పడిపోయింది. మాస్టారి ముఖంకేసి చూసే ధైర్యం అతనికి లేకపోయింది. అప్పుడు జరిగింది అద్భుతం. ప్రసంగం ముగించి కూర్చున్న మంత్రిగారు మళ్లీ లేచి, తన ప్రసంగం తనకే వినాలని ఉందన్నారు. మాస్టారి సెట్టులో టేపు వెయ్యమన్నారు. గొట్టాలన్నీ ఆపించారు.

"పది నిమిషాలు! ఎవరూ దగ్గకూడదు! కదిలినవాణ్ణి పోలీసులు చూసుకుంటారు!"

మైదానమంతా ఊపిరి బిగబట్టింది. నీలకంఠం గుండె తేలికపడింది. మాట నిలబడింది. మాస్టారు టేపును మొదటికి తిప్పి, కళ్లు మూసుకుని, మీట నొక్కాడు.

మొదట కుర్చీ కిర్రుమంది. సోడా బుడ్డి కొట్టిన చప్పుడు వచ్చింది. ఉంగరం చెక్కకు తగిలిన టకటక కూడా విడిగా వినబడింది. ఆ తర్వాత ఒక గొంతు, పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా:

"ఎవుడ్రా ఈ ముసిలోడు? ఏటమ్ముతాడు?"

"సౌండులో ఫ్యానులో అంట సార్, నానూ సరిగా కనుక్కోలేదు."

"ఈ జనాన్ని ఎక్కడినుంచి తోలుకొచ్చారు? మొగాలు సూస్తే సెవిటోళ్లలా ఉన్నారు. నా శాలువా కొత్తదేనా?"

"మీది కొత్తదే సార్. ఆడికి మొన్న యారాడలో కప్పించుకుని మీరొదిలేసిందే."

"తొందరగా కానియ్, ఆకలేస్తోంది."

ఎవరూ దగ్గలేదు. మాస్టారు తల పంకిస్తూ ఒక గుండీని వెంట్రుకవాసి తిప్పాడు. సోడా గ్యాసు ఇంకా బాగా వినబడింది.

మంత్రిగారు ఉగ్రులై లేచారు. ఇరవై ఏళ్లుగా ఆయన తన గొంతును రేకు గొట్టాల్లోనే విన్నారు. "ఎవడా నీచుడు? ఇంత పెద్దాయన్ని పట్టుకుని ముసలోడంటాడా? నా ప్రజల్ని చెవిటివాళ్లంటాడా? ఆ గొంతు ఎవడిదో వారం రోజుల్లో తేల్చాలి! వాణ్ణి వదలను!"

అన్ని చప్పట్లు ఆ మైదానం ఎన్నడూ వినలేదు. తాతబాబుకి మాత్రం అక్కడికక్కడే జ్వరం వచ్చింది.

విచారణాధికారిగా అర్జునరావు గారనే డిప్యూటీ కలెక్టరు వచ్చారు. నెమ్మదైన మనిషి. షెడ్డులో కూర్చుని టేపు ఏడుసార్లు విన్నారు. సన్మాన సంఘం కార్యదర్శి గనక నీలకంఠాన్ని పిలిపించారు.

"ఈ గొంతు ఎవరిదో మీకు తెలుసా?"

"తమరికి తెలుసాండీ?"

"నేను ప్రభుత్వోద్యోగినయ్యా."

"నేనూ అంతేనండి."

అర్జునరావు గారు చివరికి దారి చూపించారు. గొంతు ఉందంటే మనిషి ఉండాలి. మనిషి ఉంటే చిక్కు. సెట్టే పాడైందంటే ఏ చిక్కూ లేదు. 'సదరు యంత్రము లోపభూయిష్టమైనదనియు, అందు వెలువడిన గొంతు ఏ మానవుని గొంతునూ పోలి లేదనియు' టైపు చేయించిన కాగితం మీద ఇరవై ముగ్గురు కస్టమర్లూ సంతకాలు పెడితే చాలు, ఫైలు మూసేయవచ్చు.

ఇరవై ఇద్దరు అదే రోజు పెట్టేశారు. ఒక డాక్టరుగారైతే తన సెట్టులో పాట వింటూ పెట్టారు. నీలకంఠం కాగితాన్ని మూడురోజులు జేబులో పెట్టుకు తిరిగాడు. అన్నం సయించలేదు. సంతకం పెడితే మాస్టారి పాతికేళ్ల పనికి ఉరి. పెట్టకపోతే తన ఉద్యోగానికి. నాలుగో రోజు షెడ్డుకు వెళ్లాడు. అర్జునరావు గారు అప్పటికే వచ్చి కూర్చున్నారు. నీలకంఠం కాగితం మాస్టారి చేతిలో పెట్టి తల వంచుకున్నాడు.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని ప్రతి సంతకం దగ్గరా ఆగి చదివాడు.

"ఇరవై రెండు" అన్నాడు. "ఒక్క మాట కూడా పోకండా ఇన్నోడికే గదా, ఆ గొంతు మనిసిది కాదని రాయాల్సిన అవసరం. అయితే అందరూ పూర్తిగానే ఇన్నారన్నమాట."

ఆయన ముఖం వెలిగిపోతోంది. కలం తనే మూత తీసి అందించాడు. "నువ్వూ పెట్టీ నీలకంఠం. నువ్వు ఒక్కడివీ ఇనలేదనుకుంటే నాకు బాధ."

నీలకంఠం సంతకం పెట్టాడు. అక్షరాలు తడిసి కొంచెం అలుక్కుపోయాయి. అర్జునరావు గారు కాగితాన్ని ఫైల్లో పెట్టి, తాడు కట్టి, లేచి నిలబడ్డారు. గుమ్మందాకా వెళ్లి వెనక్కి వచ్చారు.

"లోపమున్న యంత్రాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలి. రూలు" అన్నారు.

"తీసుకెళ్లండి బాబూ. ఏ ఆఫీసుకి పంపమంటారు?" అన్నాడు మాస్టారు.

అర్జునరావు గారు గొంతు తగ్గించారు. "మా ఇంటికి. ముందు గదిలో పెట్టిద్దాం. గోడకి ఎంత దూరంలో ఉండాలో మాత్రం మీరొకసారి వచ్చి చూసి చెప్పాలి."