చింతపండు పక్కన తెల్ల గుర్తు

కంప్యూటర్ల తర్వాత మనుషులు కూడా ప్రతి మాటా కొత్త వరుసలోనే మొదలుపెట్టాలని ఆ ఊరి పురపాలక సంఘం ఆషాఢంలో ఉత్తర్వు ఇచ్చింది. అప్పటిదాకా ఎవరైనా మాట సగంలో ఆపేసి వెళ్ళిపోతే, విన్నవాళ్ళ నోట వచ్చే ప్రతి మాటా ఆ సగానికే అతుక్కుని వచ్చేది. ఊరికి అది అలవాటే. డాక్టరుగారు రోగి గుండెమీద గొట్టం పెట్టి, "అసలు మిమ్మల్ని చేసుకోవడమే, గట్టిగా ఊపిరి పీల్చండి" అనేవారు. మొదటి ముక్క వాళ్ళావిడదని అందరికీ తెలుసు. రోగులు రెండో ముక్క విని ఊపిరి పీల్చేవారు.

కొబ్బరితాళ్ళ వర్తకుడు గుత్తుల పల్లయ్య మాట అతని భార్య తాయారు మాటకి అతుక్కుని ఉండేది. ఒక ఉదయం అతను కొట్టుకి బయల్దేరి మెట్లు దిగుతుంటే, ఆవిడ వంటింట్లోంచి "వచ్చేటప్పుడు చింతపండూ," అంది. రెండో వస్తువు పేరు వెంటనే తట్టలేదు కాబోలు, ఆగింది. బోణీ వేళ దాటిపోతోంది. సాయంత్రం అడగొచ్చులే అనుకుని పల్లయ్య నడిచాడు. మధ్యాహ్నానికి ఆవిడ లేదు.

అప్పట్నించి అతను కొట్టుకొచ్చిన వాళ్ళని "వచ్చేటప్పుడు చింతపండూ, రండి, పడవకా గేదెకా?" అని పలకరించేవాడు. పడవ తాడు వేరు, గేదె తాడు వేరు. చింతపండు మాత్రం అందరికీ ఒకటే. పల్లయ్య కొట్టుకి వెళ్ళొచ్చిన మగవాళ్ళెవరూ ఇంటికి చింతపండు మర్చిపోయి వెళ్ళలేదు. పక్క కొట్టు దర్జీ మస్తాన్ అయితే, గుత్తులవారి దగ్గర మూర తాడు కొంటే ఆ పూటకి ఇంట్లో తిట్లు తప్పుతాయని బజారంతా చెప్పేవాడు.

పల్లయ్య దీన్ని వర్తకుడిలాగే లెక్క చూసుకున్నాడు. తాయారు పోవడం నష్టం, దాన్ని నష్టంలోనే వేసుకున్నాడు. కానీ మాట పూర్తికాకపోవడం నష్టం కాదు. అది ఇంకా దిగని సరుకు. లారీ దారిలో ఉన్నంతసేపూ సరుకు పోయిందని ఏ వర్తకుడూ అనుకోడు. అందుకని రోజూ సాయంత్రం చింతపండుతోపాటు ఆ రెండోది ఏమై ఉంటుందో ఊహించి, అది కూడా కొనుక్కెళ్ళేవాడు.

ఇంగువ కొన్ననాడు, కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ పులిహోర కలిపిన ఇత్తడి పళ్ళెం గుర్తొచ్చింది. లాంతరు గాజుబుడ్డి కొన్ననాడు, పాత చీర ముక్కతో లోపలి మసి తుడుస్తూ గాజులోంచి తనకేసి చూసి నవ్విన మొహం గుర్తొచ్చింది. దువ్వెన కొన్ననాడు, వరద తీశాక పెరట్లో ఎండకి కూర్చుని తల ఆరబెట్టుకున్న మనిషి వీపు కనపడింది. ఇల్లు కుంకుడుకాయలతో, సూదుల పొట్లాలతో, సాంబ్రాణితో నిండిపోయింది. తెచ్చినది తెచ్చినట్టు వంటింటి గడప మీద పెట్టి కాసేపు నిలబడేవాడు. అదేనని ఎవరూ అనలేదు. సరుకు తప్పేమో గానీ, ఏ సాయంత్రం బేరమూ వట్టిపోలేదు.

ఉత్తర్వుకి కారణం పురపాలక కార్యాలయంలోని నల్లతెర కంప్యూటరు. అది అడిగినదానికి జవాబు చూపించి, ఇక చెప్పండి అన్నట్టు ఎడమ అంచున ఒక గుర్తు పెట్టి కూర్చుంటుంది. దాన్ని ప్రాంప్టు అంటారు. జవాబు చివర వరుస మారకపోతే ప్రాంప్టు వచ్చి జవాబు తోకకే అతుక్కుంటుంది. ఏడో వార్డు ప్రాంప్టు ఏడు అంకె. వార్డులో వీధికుక్కలు ఎన్నని అడిగితే ముప్ఫయ్యొకటని వచ్చి, పక్కన ఈ ఏడు చేరింది. మూడువందల పదిహేడు కుక్కల్ని పట్టుకోమని కమిషనరుగారు సంతకం పెట్టారు. అన్ని కుక్కలు లేకపోవడంతో సిబ్బంది పక్క ఊళ్ళనుంచి తెప్పించి, ఏడో వార్డులో వదిలి, పట్టుకున్నారు. పని నూటికి నూరుపాళ్ళు పూర్తయింది.

తర్వాత ఒక ఇంజనీరు దాన్ని సరిచేశాడు. ప్రాంప్టు వచ్చే ముందు కంప్యూటరు ఒక చిన్న తెల్ల గుర్తు వేసి, తెర వెడల్పుకి సరిపడా ఖాళీ పోస్తుంది. ముందు జవాబు సరిగ్గా ముగిసి ఉంటే ఆ గుర్తు దానంతటదే చెరిగిపోతుంది. ముగియకపోతే గుర్తు అక్కడే మిగిలి, ప్రాంప్టు కింది వరుసకి జారుతుంది. కమిషనరుగారికి ఈ పద్ధతి నచ్చి, మనుషులకీ వర్తింపజేశారు.

వరుసల ఇన్‌స్పెక్టరు రేణుక శ్రావణంలో పల్లయ్య ఇంటికొచ్చింది. ఉద్యోగం కొత్త, మాట నెమ్మది. మంచినీళ్ళు తాగి పని మొదలుపెట్టింది.

"బాబాయ్‌గారూ, మీ ముందు వరుస ముగిసిందాండి?"

"వచ్చేటప్పుడు చింతపండూ, లేదమ్మా."

"పిన్నిగారు ముగించే వీలు ఏవైనా..."

"వచ్చేటప్పుడు చింతపండూ, సరుకు దారిలో ఉంది."

ముగిసినవి, ముగియనివి అని రెండే రకాలున్నాయని, దారిలో ఉన్నవాటికి నిబంధన లేదని రేణుక చెప్పింది. వరుస మార్చుకోని వర్తకుడికి వచ్చే ఏడు కొట్టు లైసెన్సు రాదని కూడా చెప్పింది, అది చెప్పేటప్పుడు నేలకేసి చూస్తూ. పల్లయ్య బేరంలోకి దిగాడు. తన వృత్తిలో తాడు ఊరికే కొయ్యరన్నాడు. కోసే చోటికి అటూ ఇటూ దారం బిగించి కట్టి, మధ్యన కోస్తారు. కట్టకుండా కోస్తే పురి విడిపోయి తాడంతా పీచైపోతుంది. ఆవిడ కొస కట్టకుండా కొయ్యనివ్వనన్నాడు.

రేణుకకి అది అర్థమైంది. తెల్ల గుర్తు ఆ కట్టేనంది. గుర్తు పెట్టీ వరుస మార్చొచ్చు, పెట్టకుండానూ మార్చొచ్చు. కార్యాలయాలన్నీ గుర్తు లేకుండానే మార్పించుకున్నాయని, చూడ్డానికి అదే శుభ్రంగా ఉంటుందని చెప్పింది.

"వచ్చేటప్పుడు చింతపండూ, గుర్తు పెడితే, రేపు ఆవిడ మాట వచ్చి అక్కడ కలుస్తుందా అమ్మా?"

"కలవదండి. ఇక్కడ ఆగిందని తెలుస్తుంది. అంతేనండి."

పల్లయ్య లెక్క వేసుకున్నాడు. మొత్తం పోవడం కంటే ఆ మాత్రం మిగలడం లాభమే. పెట్టమన్నాడు.

రేణుక వంటింటి గడప పైన, మాట ఆగిన చోట, చింతగింజంత తెల్ల గుర్తు పెట్టింది. ఈ గోడనుంచి ఆ గోడదాకా నిశ్శబ్దం పోసింది. ఇద్దరూ గుర్తుకేసి చూస్తూ నిలబడ్డారు. ముగిసిన మాటైతే చెరిగిపోవాలి. చెరగలేదు. తాయారు ఇంకా ఏదో చెప్పబోయిందన్నది అలా అధికారికంగా రుజువైంది. రేణుక కళ్ళు తుడుచుకుని, ఇక మాట్లాడొచ్చండి అంది.

మర్నాడు కొట్లో "రండి, పడవకా గేదెకా?" అన్నాడు. గొంతు తేలిగ్గా ఉంది, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు.

"ఇప్పుడు మీ మాట నున్నగా ఉందండీ" అన్నాడు మస్తాన్. కాసేపు బట్ట కత్తిరించి, "నిన్నటిదాకా చెల్లెమ్మ కొట్లోనే ఉన్నట్టుండేది" అన్నాడు. ఆ సాయంత్రం బజారులో చాలామంది చింతపండు మర్చిపోయి ఇళ్ళకి వెళ్ళారు.

పల్లయ్య కొట్టు కట్టేసి బయల్దేరాడు. వీధిలో సగం తవ్వి వదిలేసిన మురుగుకాలవ పక్కన కొత్త కాలవకి శంకుస్థాపన జరుగుతోంది. సగం లేచిన నీళ్ళట్యాంకు పక్కన కొత్త ట్యాంకుకి కొబ్బరికాయ కొడుతున్నారు. పాతవి ఆగాయని చెప్పే గుర్తు ఎక్కడా లేదు. కార్యాలయానివి గనక అన్నీ శుభ్రంగా ఉన్నాయి. జనం చప్పట్లు కొడుతుంటే పల్లయ్య కూడా కొట్టాడు.

కాళ్ళు అలవాటుగా కిరాణా కొట్టు ముందు ఆగాయి. కొట్టతను చింతపండు పొట్లం కట్టి పెట్టి ఉంచి, "ఇవాళ రెండోది ఏంటండి?" అని అడిగాడు.

పల్లయ్య ఆలోచించాడు. ఇంగువ, దువ్వెన, గాజుబుడ్డి అన్నీ వస్తువుల్లాగే తట్టాయి. వాటి వెనక ఎవరి మొహమూ రాలేదు. కొత్త వరుసకి ముందు ఏమీ ఉండదు, దాని పద్ధతే అది.

"ఏం లేదండి" అన్నాడు. పొట్లం కూడా అక్కడే వదిలేశాడు.

చేతులూపుకుంటూ ఇంటికి నడిచాడు. రోడ్డు నిండా జనం అలాగే చేతులూపుకుంటూ వెళ్తున్నారు. అందరి మొహాలూ తేటగా ఉన్నాయి.