దిగడానికి అయ్యే ఖర్చు

పైకి ఎక్కడానికి డబ్బు కావాలన్నది లోకమంతటికీ తెలిసిన సత్యం. కిందికి దిగడానికి అంతకంటే ఎక్కువ కావాలన్నది మాత్రం పిల్లల్ని కొండ సైకిలు పందేల్లో చేర్చిన తల్లిదండ్రులకే దక్కే జ్ఞానం. లిఫ్టుల మెకానిక్కుకు ఆ జ్ఞానం కూతురి పదహారో ఏట దక్కింది. అంతవరకూ, పైనుంచి వదిలిన ఏ వస్తువైనా తనంతట తానే కింద పడుతుందనీ, అందుకు ఎవరికీ చిల్లిగవ్వ ఇవ్వక్కర్లేదనీ అతను వృత్తిరీత్యా నమ్మేవాడు. (అలా పడకుండా చూడటానికే అతనికి జీతం.) కొండ దిగుడు సైకిలు సమాఖ్య అభిప్రాయం వేరు. ఊరికే వచ్చినదాన్ని జనం గౌరవించరనీ, భూమ్యాకర్షణకు తగిన గౌరవం సమకూర్చడమే తమ ధ్యేయమనీ ఆ సంస్థ నియమావళి మొదటి పేజీలోనే రాసుకుంది.

కూతుర్ని ఇంట్లో తూనీగ అంటారు. ఒకచోట కాలు నిలవని పిల్ల. నీళ్ల ట్యాంకున్న గుట్ట మీది నుంచి పాత సైకిలు మీద దిగుతుంటే, రిటైరైన వ్యాయామం మాస్టారొకాయన చూసి, వెంటబడి ఇల్లు కనుక్కుని వచ్చాడు. అందరూ బ్రేకు పట్టే చోట మీ అమ్మాయి బ్రేకు వదిలేస్తోందని చెప్పాడు. అది ఫిర్యాదనుకుని తల్లి క్షమాపణ అడిగింది. కాదమ్మా, ఇది విద్య, నేర్పితే వచ్చేది కాదు అని ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ కుర్చీ లాగిన చప్పుడుతో ఖర్చు మొదలైంది.

ముందు బండి. పాత సైకిలు గుట్టకు చాలుతుంది గానీ కొండకు చాలదట. మెకానిక్కు రెండేళ్లు ఆదివారాలు కూడా పక్క వీధుల అపార్ట్‌మెంట్లలో లిఫ్టులు బాగుచేసి, ఎవరో వాడి వదిలేసిన పందెం బండి కొన్నాడు. ఆ తర్వాత మోకాళ్లకు తొడుగులు, మోచేతులకు తొడుగులు, మెడకు పట్టీ, ముఖమంతా మూసే హెల్మెట్టు. బండిని కొండపైకి మోసుకెళ్లే రోప్‌వేకి టిక్కెట్టు, అందులో బండికి ఒకటి, మనిషికి ఒకటి. (బండి టిక్కెట్టే ఎక్కువ. బండి కిటికీలోంచి దృశ్యం చూడదు కాబట్టి రాయితీ ఇవ్వమని మెకానిక్కు అడిగాడు. పరిశీలిస్తామన్నారు.) తల్లి ఇంట్లో కర్టెన్లు కుడుతుంది. ఆమె కళ్లజోడు మార్చడం వాయిదా పడింది. సూదిలో దారం ఎక్కించే పని తూనీగకు వచ్చింది.

సాధన రోజుల్లో ఒకసారి తూనీగ రాళ్ల మలుపు దగ్గర పడింది. లేచి దుమ్ము దులుపుకుని మళ్లీ ఎక్కబోతుంటే శిరస్త్రాణ తనిఖీ అధికారి ఆపాడు. పడిన హెల్మెట్టు పైకి ఎంత బాగున్నా లోపల చచ్చిపోయినట్టేనని నియమం. ఆయన దాని మీద ఎర్ర కాగితం అంటించి, తల కాస్త వంచి మౌనం పాటించి, కొత్తది దొరికే దుకాణం దారి చెప్పాడు. చూడటానికి వచ్చిన తల్లి గుండె చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"పిల్ల తలకేం కాలేదు కదండీ?"

"తల మా పరిధిలోకి రాదమ్మా."

ఇలా నడుస్తుండగా సమాఖ్య 'వర్ధమాన దిగుడు ప్రతిభా ప్రోత్సాహక పథకం' ప్రకటించింది. పేద క్రీడాకారులకు ఏడాదంతా అన్ని రుసుములూ మాఫీ. పెద్ద పందెం దగ్గర పడుతోంది. అందులో మొదటి ముగ్గురిని జట్టులోకి తీసుకుంటారు, జట్టులో చేరినవాళ్ల ఖర్చు ఆ తర్వాత సమాఖ్యదే. గండం గడిచిందనుకుని తండ్రీ కూతుళ్లు బండిని కూడా తీసుకుని సమాఖ్య కార్యాలయానికి వెళ్లారు. కార్యాలయం మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయడం లేదు. (సమాఖ్యకు ఆసక్తి దిగడంలోనే.) బండిని భుజాన మోసుకుని ఎక్కారు.

అర్హతల అధికారి పెద్దమనిషి. ఇద్దరికీ మంచినీళ్లిప్పించి, ఆయాసం తీరేదాకా ఆగి, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఈ బండి ఎవరిది?"

"మా అమ్మాయిదేనండీ."

"ఇంత ఖరీదైన బండి ఉన్నవాళ్లు పేదవాళ్లెలా అవుతారు?"

ఆ బండి వల్లే పేదవాళ్లమయ్యామని మెకానిక్కు విన్నవించుకున్నాడు. అధికారి సానుభూతితో తల పంకించాడు. పేదరికానికి కారణం చూడకూడదనీ, బండి ఉందా లేదా అన్నదే చూడాలనీ నియమం ఉందన్నాడు. మరి బండి లేని పిల్ల పందెంలో ఎలా దిగుతుందని మెకానిక్కు అడిగాడు. అది సాంకేతిక విభాగం చూసుకుంటుందన్నాడు అధికారి. వీళ్లు మెట్లు దిగుతుంటే పాపం ఆయనే వెనక నుంచి వచ్చి, గొంతు తగ్గించి, బండి లేకుండా రండి, నేను చేసిపెడతాను అని ధైర్యం చెప్పాడు.

ఇంటికి వచ్చాక ముగ్గురూ మాస్టారితో కూర్చున్నారు. రుసుములు మాఫీ అయితే పందెం రోజుకు తన బండి అరువిస్తానని మాస్టారు అన్నాడు. అది బరువు, పాతకాలపుది, అయినా నడుస్తుంది. మెకానిక్కుకు మనసొప్పలేదు. రెండేళ్ల ఆదివారాలు గోడకు ఆనించి కళ్లముందే ఉన్నాయి.

"అమ్మేద్దాం నాన్నా," అంది తూనీగ. "ఇది ఇంట్లో ఉంటే కొండకు పోవడానికి డబ్బుల్లేవు. ఇది పోతే కనీసం కొండయినా ఉంటుంది."

ఆ బండిని పళ్ల డాక్టరొకాయన తన కొడుకు కోసం కొన్నాడు. ఆ అబ్బాయికి పద్నాలుగేళ్లు; సైకిలంటే ఇష్టమే, దిగడమంటేనే భయం. తండ్రికి మాత్రం కొడుకు ధైర్యవంతుడు కావాలని కోరిక, దానికి ఎంతైనా పెట్టగలడు. తూనీగ బండిని కడిగి, తుడిచి, గొలుసుకు నూనె పెట్టి, వెనక చక్రంలో గాలి మరీ బిగించొద్దని ఆ అబ్బాయికి రెండుసార్లు చెప్పి ఇచ్చింది. వచ్చిన డబ్బు హెల్మెట్ల దుకాణం పాత బాకీకి సరిపోయింది.

అర్హతల అధికారి మాట తప్పలేదు. తూనీగకు 'ధ్రువీకృత పేద క్రీడాకారిణి' అన్న కార్డు ఇచ్చాడు, ఫొటోతో సహా. తల్లి దాన్ని అద్దం పక్కన పెట్టింది. ఇంట్లోకి వచ్చిన మొదటి బిరుదు అది.

పందెం రోజున మాస్టారి బండితో కొండపైకి చేరారు. రోప్‌వేకి డబ్బు తీసుకోలేదు. అంకె వేసిన చొక్కా ఇచ్చారు. అప్పుడు వాలు పర్యవేక్షకుడు వచ్చి, బండి ఎవరిదని అడిగాడు. అరువు బండి కూడా సాయమేననీ, సమాఖ్య సాయం పొందినవాళ్లు మరొకరి దగ్గర సాయం పొందితే అది అవినీతి కిందికి వస్తుందనీ వివరించాడు. సొంత బండితో దిగవచ్చా అని మెకానిక్కు అడిగాడు. నిరభ్యంతరంగా దిగవచ్చు, ఆ క్షణంలో కార్డు రద్దవుతుంది, ఏడాది రుసుములన్నీ అక్కడే కట్టాలి. ఇందులో దేనికీ ఆయన కోప్పడలేదు. గొడుగు తెచ్చి తూనీగకు ఎండ తగలకుండా పట్టాడు కూడా.

తూనీగ అంకె చొక్కాతో, హెల్మెట్టుతో, మోకాళ్ల తొడుగులతో, బండి లేకుండా వరుసలో నిలబడింది. ఆమె ముందు పళ్ల డాక్టరు కొడుకు, వీళ్లు అమ్మిన బండితో ఉన్నాడు. బండి కదలకముందే రెండు బ్రేకులూ బిగించి పట్టుకున్నాడు.

"అక్కా, నువ్వు తొక్కు," అన్నాడు మెల్లగా. "నేను కడుపునొప్పి అంటాను. నాన్నకి నేను చెప్పుకుంటాను."

తూనీగ చెయ్యి హ్యాండిల్ దాకా వెళ్లింది. మెకానిక్కు చూశాడు. ఒక్క క్షణం ఆ చెయ్యి అక్కడే ఉంది. తర్వాత తీసేసి, అతని హెల్మెట్టు పట్టీ బిగించింది. రాళ్ల మలుపు దగ్గర బ్రేకు పట్టావంటే పడతావనీ, భయమేస్తే కళ్లు తెరిచే ఉంచి వేళ్లు వదిలెయ్యమనీ, బండికి దారి తెలుసనీ చెప్పింది. ఆ అబ్బాయి బుర్ర ఊపి, తన వంతు కోసం ముందుకు జరిగాడు.

తండ్రీ కూతుళ్లు కిందికి నడిచి, రాళ్ల మలుపు ఎదుట తాడు కట్టిన చోట గట్టు మీద కూర్చున్నారు. బండి ఇంకా చెట్ల మాటున ఉండగానే వెనక చక్రం చప్పుడు పట్టి, మనదే అంది తూనీగ. అది మలుపులోకి వచ్చేసరికి ఆమె కుడిచేతి వేళ్లు గాలిలో ముడుచుకుని, సరిగ్గా రాళ్ల దగ్గర ఒక్కసారిగా విచ్చుకున్నాయి. కిందనుంచి చప్పట్లు వినిపించాయి. మెకానిక్కు కొండ వైపు చూడలేదు. ఆ వేళ్ల వైపే చూస్తూ ఉండిపోయాడు.

పళ్ల డాక్టరు కొడుకు మూడోవాడిగా వచ్చి జట్టులో చేరాడు. ఇక అతని ఖర్చంతా సమాఖ్యదే. (పళ్ల డాక్టరు వద్దన్నాడు. నియమం ఒప్పుకోలేదు.) ఆ అబ్బాయి తూనీగ ఇంటికి వచ్చి, ఏమనాలో తెలియక, పతకం బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. తల్లి టీ ఇచ్చింది. ఇది నీదేలే, దాచుకో అని తూనీగ పతకం అతని జేబులో పెట్టింది. అతను వెళ్లాక సూదిలో దారం ఎక్కించబోతే, మొదటిసారి తూనీగకు గురి తప్పింది.

ఏడాది చివర సమాఖ్య సర్వసభ్య సమావేశానికి లబ్ధిదారుల్ని కుటుంబాలతో సహా పిలిచారు. వెనక వరుసలో కార్డులు మెడలో వేసుకుని పిల్లలు కూర్చున్నారు, అందరూ కాళ్లు ఊపుకుంటూ. కార్యదర్శి లేచి నివేదిక చదివాడు. పథకం అన్ని అంచనాలనూ మించి విజయవంతమైందనీ, వచ్చే ఏడాది దీన్ని రెట్టింపు మంది పిల్లలకు విస్తరిస్తామనీ ప్రకటించాడు. ఇంత ప్రమాదకరమైన క్రీడలో కూడా లబ్ధిదారుల్లో ఏడాది పొడవునా ఒక్కరికి కూడా దెబ్బ తగలకపోవడం ప్రపంచంలోనే మొదటిసారి అన్నాడు.