ఓటీపీ సాహెబ్

"సభ్యత్వం లేనిచోట సభ్యత ఉండదు!" అని ఆన్‌లైన్ మర్యాదల శాఖ సంచాలకులు రమణయ్య గారు, దీవుల్లో వండూర్ దాటాక వచ్చే జాలరిపేటలో మైకు పట్టుకుని ప్రకటించినప్పుడు మొదట చప్పట్లు కొట్టినవాడు అప్పలకొండే. కొట్టాక తెలిసింది, ఆ దెబ్బ తన మీదేనని.

అప్పలకొండకు పేటలో జిరాక్స్ కొట్టు. కొట్లో బల్ల కింద ఓ పాత కంప్యూటర్. దాని లోపల 'గాలివాటం' అనే చిన్న సైటు. గాలి ఎటు తిరిగింది, డిగ్లీపూర్ ఓడ ఎప్పుడు కదులుతుంది, వంజరం చేప ఎక్కడ పడుతోంది, అన్నీ అందులోనే. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా రాయొచ్చు. పేరక్కర్లేదు, ఊరక్కర్లేదు. నడిపేవాడికి జీతం లేదు గనుక ఆ ఉద్యోగానికి పోటీ కూడా లేదు. జాలరుల మీద జాలితో పుట్టిన అంతర్జాలమన్నమాట.

"ఇకపై ఖాతా లేనిదే రాయడం కాదు, చదవడం కూడా కుదరదు," అన్నారు రమణయ్య గారు. "ప్రతి మనిషికీ ఫోన్ నంబరు, ప్రతి నంబరుకూ ఓటీపీ. నమోదైతే ఆమోదం, ఆమోదమైతే ప్రమోదం!" ఆ పైది ప్రమోషన్ అని ఆయన నోరు అనలేదు, మొహం అంది. "నెలాఖరుకు పేటంతా నమోదు కాకపోతే ఆ కంప్యూటర్ జప్తు! ఏ కష్టమొచ్చినా నాకు చెప్పండి. నా నంబరు మీ నంబరే అనుకోండి!"

నంబరు రెండుసార్లు చదివి, పనిలో పనిగా కొత్త జెట్టీ దీపానికి రిబ్బను కత్తిరించి వెళ్లారు.

పేటవాళ్లు అలాగే అనుకున్నారు.

దీవుల్లో ఒక పద్ధతుంది. గ్యాసు బండకైనా, ఓడ టికెట్టుకైనా నంబరు అడిగితే సిగ్నల్ ఉన్నవాడి నంబరు చెప్పడం. మర్నాడు చేపలమ్మే బుల్లమ్మ గంప దించి కొట్లోకి వచ్చింది.

"ఏట్రా తమ్ముడూ, గాలి సూడ్డానిక్కూడా ఓటీపీయా? గాలికేటి, అది కూడా నంబరిచ్చే వీస్తందా?"

"రూలు అక్కా. నీ నంబరు చెప్పు."

"నా ఫోన్‌కి సిగ్నల్ కావాలంటే కొబ్బరిచెట్టెక్కాల. ఆ సాహెబ్‌ది ఎయ్. నా నంబరు మీ నంబరే అన్నాడు కదా! బడా ఆద్మీ, అబద్ధమాడతాడేటి?"

అప్పలకొండ ఉత్తర్వు తిరగేసి చూశాడు. ఒక నంబరుకు ఒకటే ఖాతా అని ఎక్కడా లేదు. వేశాడు. సాయంత్రానికల్లా పేటంతా అదే నంబరు వేయించుకుంది.

అటు రమణయ్య గారి ఫోను పూనకం వచ్చినట్టు ఊగింది. మీటింగులో ఓటీపీ, భోజనంలో ఓటీపీ, బాత్రూంలో ఓటీపీ. వెనకే ఫోన్లు.

"సాహెబ్, నాను బుల్లమ్మని. అంకెలు పడ్నాయా?"

"పడ్డాయమ్మా, రాసుకో!"

ఆయన విసుక్కోలేదు. మహానుభావులు విసుక్కోరు. ఓటీపీకి కావలసింది ఓపికేనని గుమస్తాకు బోధించారు.

అప్పలకొండ నిజం చెప్పబోయాడు. "సార్, మీకు వస్తున్న ఆ ఓటీపీలు..."

"కాపీలు! తెలుసయ్యా. పర్యవేక్షణాధికారికి కాపీ రావాలి కదా."

"కాపీలు కావు సార్..."

"ఒరిజినల్సే పంపుతున్నావా? శభాష్!"

నెలాఖరుకు నూటికి నూరు శాతం నమోదు. పైకి నివేదిక వెళ్లింది. ఢిల్లీ నుంచి పెద్దసారు శాలువా పట్టుకుని బయల్దేరారు.

ఆయన దిగేలోపే గాలివాటంలో ఓ ముక్క పడింది. 'జెట్టీ దీపానికి రిబ్బను కోశారు, బల్బు మరిచారు. చీకట్లో నూకన్న పడవ రాతికి కొట్టుకుంది. మనిషి పోకముందే వెలిగించండి.' రాసిన సభ్యుడి పేరు 'ఉప్పుచేప'. నూకన్న బుల్లమ్మ పెనిమిటి. కొట్లో కూర్చుని ఒక్కో అక్షరం వేలితో పొడిచి రాసింది బుల్లమ్మే.

సభలో ఆ ముక్క చూసి పెద్దసారు శాలువా తిరిగి మడతపెట్టారు. "కౌన్ హై యే ఉప్పుచేప? శాఖను బద్నాం చేస్తున్నది ఎవరు?"

"క్షణంలో పట్టేస్తాం సార్, నమోదు అందుకే కదా!" రమణయ్య గారు ఛాతీ విరిచారు. "మనిషి జైలుకు, కంప్యూటర్ స్టేషన్‌కు! అప్పలకొండా, వాడి నంబరు చదువు!"

బుల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"చదవమంటారా సార్?" అన్నాడు అప్పలకొండ.

"మైకులో చదువు!"

అప్పలకొండ ఒక్కో అంకె చదువుతుంటే పెద్దసారు తన ఫోనులో నొక్కారు. రమణయ్య గారు ప్రతి అంకెకూ తలాడించారు. సగం దాటేసరికి మిగతా సగం ఆయనే అందుకున్నారు.

"ఈ నంబరు నాకు బాగా తెలుసు సార్! పాత నేరస్థుడే!"

ఆయన జేబు మోగింది.

మర్నాటి సాయంత్రం జెట్టీ దీపం వెలిగింది. కంప్యూటర్ బల్ల కిందే ఉంది. సాక్ష్యం గనుక ముట్టుకోకూడదట. ఉప్పుచేప మీద విచారణ మాత్రం జోరుగా సాగుతోంది. శాఖలో అంత అనుభవం మరొకరికి లేనందున విచారణాధికారిగా రమణయ్య గారినే వేశారు. ఆయన రోజూ పొద్దున్నే నిందితుడి నంబరుకు స్వయంగా ఫోన్ చేస్తున్నారు. ఎప్పుడు చేసినా బిజీ.

నిందితుడు విచారణకు సహకరించడం లేదని పైకి రాశారు.