లుపాంగ్వా మూర

"ఈ క్షణం నుంచి లుపాంగ్వా జిల్లాలో కాలం ప్రభుత్వ అనుమతి లేకుండా గడవదు!"

సోమవారం పొద్దున ఆఫీసు వరండాలో నిలబడి జిల్లా కమిషనర్ నొవాటస్ రుగెమా గారు ఈ ప్రకటన చేశారు. ఆయన ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. అందువల్ల ఏ ప్రకటన చేసినా చాలా ఉన్నత స్థాయి నుంచి వచ్చినట్టే ఉంటుంది. పథకం పేరు 'సమయం మనదే'. నలభైమంది అధికారులకు నలభై స్మార్ట్ వాచీలు. మనిషి ఆఫీసుకు ఎప్పుడొచ్చాడో, ఎప్పుడెళ్లాడో, కుర్చీలో ఉన్నాడో కునుకులో ఉన్నాడో వాచీ రాజధానికి చెప్పేస్తుంది. చేతి నుంచి తీస్తే ఆ రోజుకు గైర్హాజరు. స్నానానికి తీసినా అంతే.

"స్నానం వ్యక్తిగత విషయం. సమయం ప్రభుత్వ విషయం," అన్నారు కమిషనర్ గారు. చప్పట్లు మోగాయి.

వెనక వరసలో చప్పట్లు కొట్టినవాళ్లలో స్టోర్సు ఇన్‌ఛార్జి అథుమాని కిపింగు ఒకడు. అతనికి కమిషనర్ గారు కనపడలేదు, ముందున్న పశువైద్యాధికారి వీపు కనపడింది. అథుమాని ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. ఆ ఒక్క అంగుళమూ బూట్లదేనని అతని భార్య సికుధానీ అభిప్రాయం. ఇన్‌ఛార్జి అంటే ఛార్జి లోపల ఉన్నవాడని అర్థం కావాలి. అథుమాని మాత్రం పదకొండేళ్లుగా ఛార్జికి బయటే ఉన్నాడు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు. ఈలోగా పర్మినెంటు ఆర్డరు రాకపోతే పెన్షనూ రాదు. అందుకని అతను చప్పట్లు అందరికన్నా ఒకటి ఎక్కువే కొట్టాడు.

పెట్టెలు విప్పారు. సరఫరాదారు కసియానో, కమిషనర్ గారికి స్వయానా బావమరిది. టెండరు ప్రకారం ఒక్కో పెట్టెలో ఏడు వస్తువులుండాలి. టైపిస్టు ఆస్తేరియా జాబితా పట్టుకుని నిలబడింది.

"ఒకటి?"

"వాచీ," అన్నాడు కసియానో.

"రెండు?"

"ఛార్జింగు తీగ. మూడు, వివరాల పుస్తకం."

"నాలుగు?"

"పెట్టె."

"ఐదు?"

"పెట్టె మూత."

"ఆరు?"

"మూత మీద బొమ్మ."

"ఏడు?"

కసియానో పెట్టె అడుగున తడిమి చిన్న పొట్లం బయటికి తీశాడు. దాని మీద 'తినరాదు' అని రాసి ఉంది.

"తినకూడనిది ఎందుకిచ్చినట్టు?" అంది ఆస్తేరియా.

"అది నిబంధనమ్మా," అన్నారు కమిషనర్ గారు గంభీరంగా. "లోపల పెట్టినవన్నీ తినేస్తే పరిపాలన ఎలా సాగుతుంది?"

"మరి గోడకు పెట్టే ప్లగ్గు?"

"మీ ఫోన్లకుందిగా, దానికే పెట్టుకోండి," అన్నాడు కసియానో. "సర్దుకుపోవడం ఎనిమిదో వస్తువనుకోండి. అది ఉచితం."

అథుమాని మాత్రం రెండో వస్తువు దగ్గరే ఆగిపోయాడు. తీగను ఊరికే చేతి మీద పరిచి చూశాడు. మోచేతి దగ్గర మొదలైంది, మధ్యవేలి కొన దగ్గర అయిపోయింది. ఒక వెంట్రుక ఎక్కువా లేదు, తక్కువా లేదు. చటుక్కున దాన్ని పెట్టెలో పెట్టేసి మూత వేశాడు.

ఎందుకంటే టెండరు రాసింది అతనే. స్టోర్సులో ఉన్న ఒకే ఒక్క మీటరు కర్రను ఆరేళ్ల కిందట కమిషనర్ గారి గదిలో కర్టెను వేలాడదీయడానికి తీసుకెళ్లారు. అప్పటి నుంచి చాపలైనా తాళ్లైనా అథుమాని చేత్తోనే కొలుస్తున్నాడు. వాళ్ల స్వాహిలీలో చేతికీ మూరకూ ఒకటే మాట, మ్కోనో. చేతి గడియారానికి తీగ ఎంత ఉండాలని రాయబోతూ, అలవాటు కొద్దీ 'ఒక మ్కోనో' అని రాసి పడేశాడు. ఎవరి చెయ్యి అన్నది రాయలేదు. అప్పుడు కాంట్రాక్టరు నమూనా కొలత అడిగితే తన ఎడమ చేతి మీద ఒక పురికొస కొలిచి ఇచ్చింది కూడా తనే.

మొదటి రోజు వాచీలు చెప్పిన లెక్క ప్రకారం నలభైమందీ ఆరు గంటలు ఆలస్యం. లుపాంగ్వాలో సూర్యుడొచ్చిన గంటకు ఒకటో గంట అంటారు, వాచీ దాన్ని ఏడంటుంది. ఆఫీసు వేళ 'రెండో గంట' అని ఊరి లెక్కలో ఎక్కించారు, వాచీ దాన్ని తన లెక్కలో తీసుకుంది. కమిషనర్ గారు ఒక్క నిమిషంలో సమస్య తేల్చేశారు. "అందరూ సమానంగా ఆలస్యమయ్యారు కనక ఎవరూ ఆలస్యం కానట్టే. సమానత్వం మన పార్టీ సిద్ధాంతం."

రెండో రోజు ఛార్జి అయిపోయింది.

ఒకప్పుడు వరద వచ్చి ఆఫీసులో మోకాలి లోతు నీళ్లు నిలిచాక, కరెంటు సాకెట్లన్నీ మనిషి తలకన్నా ఎత్తున ఉండాలని సర్క్యులర్ వచ్చింది. సర్క్యులర్ ప్రకారమే ఉన్నాయి. తీగ మూరెడు. వాచీ తీయకూడదు. ఛార్జి ఎక్కడానికి రెండు గంటలు. ఇక మిగిలింది ఒకటే దారి. రెండో రోజు పదింటికల్లా లుపాంగ్వా జిల్లా యంత్రాంగం మొత్తం చేతులెత్తేసింది.

గోడ పొడుగునా, ఎడమ చెయ్యి పైకెత్తి, సాకెట్టుకు తగులుకుని, కుడి చేత్తో ఫైళ్లు చూసుకుంటూ అధికారులు నిలబడ్డారు. అథుమానికి అలా నిలబడినా అందలేదు. పాత పెండింగు ఫైళ్లు నాలుగు కట్టలు కిందేసుకుని ఎక్కాడు. ఇన్నేళ్లకు ఆ ఫైళ్లలో కదలిక వచ్చింది, పశువైద్యాధికారి తుమ్మినప్పుడల్లా.

పొలం కాగితం కోసం ఒక ముసలాయన గుమ్మంలోకి వచ్చి, ఆ వరసను చూసి తనూ రెండు చేతులూ ఎత్తేశాడు.

"మీరెందుకు తాతా ఎత్తడం?" అన్నాడు అథుమాని.

"ముందు తుపాకీ ఎవరి దగ్గరుందో చెప్పు నాయనా, తర్వాత దింపుతా."

ఆ మాట ఊరంతా పాకింది. అక్కణ్ణుంచి ప్రాంతీయ కార్యాలయానికీ పాకింది. నాలుగో రోజు ఉత్తరం వచ్చింది: తీగ పొట్టిగా ఎందుకుంది, బాధ్యులెవరు, వారం లోపల తేల్చి చర్య తీసుకోవాలి. ఉత్తరం విని అథుమాని గోడకు ఆనుకున్నాడు. పదకొండేళ్లు ఛార్జి కోసం చూస్తే చివరికి ఛార్జిషీటు వచ్చేలా ఉంది.

కమిటీ కూర్చుంది. ఆస్తేరియా టెండరు చదివింది. "తీగ పొడవు, ఒక చెయ్యి."

"ఎవరి చెయ్యి?" అన్నారు కమిషనర్ గారు.

అందరూ తమ తమ చేతులను బల్ల కిందికి పంపించారు.

"ఇందులో ఆలోచించేదేముంది?" కమిషనర్ గారు చొక్కా మడిచి చెయ్యి బల్ల మీద చాపారు. "ప్రభుత్వం చెయ్యి అంటే ఇదే. కొలవండి."

ఆస్తేరియా టేపు పెట్టింది. "ఇరవై రెండు అంగుళాలు. తీగ పద్నాలుగున్నర. అంటే ఏడున్నర అంగుళాలు తక్కువ సరఫరా చేశారు. తప్పు కాంట్రాక్టరుది."

కసియానో దగ్గాడు. "బావగారూ, ఆదివారం అమ్మ అక్కనీ మిమ్మల్నీ భోజనానికి తీసుకురమ్మంది. వస్తారా, లేక ఇక రారా?"

కమిషనర్ గారు చేతిని మెల్లగా చొక్కాలోకి లాక్కున్నారు.

"ఇందులో నా చెయ్యి లేదు," అన్నారు.

"నా చెయ్యీ లేదు," అన్నాడు భూముల అధికారి.

"నాది అసలే లేదు," అన్నాడు పశువైద్యాధికారి. "నేను చెయ్యి పెట్టే చోట్లు వేరు."

అప్పుడు అందరి చూపులూ తలుపు పక్క కుర్చీ మీద పడ్డాయి. ఆ కుర్చీలో కాళ్లు నేలకందకుండా అథుమాని కూర్చుని ఉన్నాడు. చిన్నప్పుడు మామిడిచెట్టు మీంచి పడి ఎడమ చెయ్యి విరిగింది. కట్టు కట్టినాయన కాస్త పొదుపుగా అతికించాడు. అసలే పొట్టి మనిషిలో అది మరీ పొట్టి చెయ్యి.

ఆస్తేరియా టేపు పెట్టింది. "పద్నాలుగున్నర."

"తీగ?"

"పద్నాలుగున్నర."

కమిషనర్ గారు లేచి నిలబడ్డారు. కళ్లు చెమర్చాయి. "తేలిపోయింది! తీగ పొట్టి కాదు. మనమే పొడుగు. పెద్దాయనా, ఇంతకాలం ఈ చెయ్యి ఎక్కడ దాచారు?"

"భుజానికే ఉందండయ్యా."

"ఇక మీదట ఇది మీ భుజానిది కాదు, జిల్లాది. మీ పర్మినెంటు సంగతి నేను చూసుకుంటాను. చెయ్యి జాగ్రత్త. దాంతో బరువులెత్తకండి. ఎవరి మీదా చెయ్యి చేసుకోకండి."

అదే రోజు సర్క్యులర్ వచ్చింది. లుపాంగ్వా జిల్లాలో అధికారిక కొలత 'లుపాంగ్వా మూర', అనగా స్టోర్సు ఇన్‌ఛార్జి ఎడమ చెయ్యి, మోచేతి నుంచి మధ్యవేలి కొన వరకు. తీగ సరైన పొడవే అని రుజువైంది కనక ఇకపై భుజాలు నొప్పి పుట్టడం క్రమశిక్షణా రాహిత్యం.

జిల్లాలో కాంట్రాక్టర్లకు ఇంత చక్కని చెయ్యి ఎప్పుడూ చేతికందలేదు. అథుమానికి జీపు వచ్చింది. చెయ్యి కిటికీ బయట పెట్టకూడదని డ్రైవరుకు ఆదేశాలొచ్చాయి. మార్కెట్టు కంచె ఆ చేత్తో కొలిచారు. కంచె చాలని సందులోంచి మేకలు దర్జాగా దూరి వచ్చాయి. బడిపిల్లల యూనిఫాం బట్ట ఆ చేత్తో కొలిచారు. నిక్కర్లు తొడల దగ్గరే ఆగి ఆలోచనలో పడ్డాయి. అథుమాని ఎక్కడికెళ్లినా లేచి నిలబడి మర్యాద చేస్తున్నారు. అతను మొహమాటంగా కుడి చెయ్యి ఊపితే, జనం ఎడమ చేతిని చూసి నవ్వుతున్నారు.

ఇంట్లో అలాంటి మర్యాదలేవీ లేవు. వాళ్లకు నాసోరో అని పెద్దకొడుకు. అందుకని ఊరి పద్ధతిలో ఒకరినొకరు వాడి పేరుతోనే, బాబా అంటే నాన్న, మామా అంటే అమ్మ అని చేర్చి పిలుచుకుంటారు.

"బాబా నాసోరో," అంది సికుధానీ, ఉగాలి సంకటి పక్కన ఎండుచేపల కూర వడ్డిస్తూ, "మన వీధికి బోరుబావి మంజూరైందట. వంద మూరలట. ఎవరి మూర?"

అథుమాని ముద్ద మింగాడు. "జిల్లా మూర."

"మీదేగా?"

"నాదే అనడానికి లేదు. నాకు తగిలించి ఉంది."

"పోయినసారి మిషను తెచ్చినతను నీళ్లు ముప్పై ఎనిమిది మీటర్ల కింద ఉన్నాయన్నాడు. నాసోరో లెక్క కట్టాడు. మీ మూరలు వంద కలిపితే ముప్పై ఏడు కూడా రాదు. పదిహేడేళ్లుగా నేను వాగు దాకా నడుస్తున్నా. నీళ్ల మీద ఒక్క మీటరు దూరాన ఆపేస్తారా?"

"నేనేం చేసేది మామా నాసోరో? చేతిని సాగదీయనా?"

"ఊరందరి ముందూ చెప్పుకోవడానికి నాకొక మొగుడున్నాడనుకున్నా. టేపున్నాడని తెలీలేదు."

అథుమాని లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ తర్వాత సికుధానీ అతని ఎడమ చేతిని లాక్కుని మధ్యవేలు పరీక్షగా చూసింది. "గోరు కత్తిరించకండి," అంది. "అరంగుళం చాలు. వందసార్లు అరంగుళం."

అథుమాని జీవితంలో మొట్టమొదటిసారి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఒక పని చేశాడు. గోరు పెంచాడు. నాలుగు నెలలు ఆ వేలికి రాత్రీ పగలూ గుడ్డ చుట్టుకు తిరిగాడు. ఎవరైనా అడిగితే, "చిన్న దెబ్బ, కొలతకేం ఇబ్బంది లేదు," అన్నాడు. ఛార్జింగుకు చెయ్యెత్తినప్పుడు గోరు గోడకు తగిలి విరుగుతుందేమోనని, ఫైళ్ల కట్టల మీద ఇంకో కట్ట వేసుకుని ఎక్కాడు.

బావి రోజు రానే వచ్చింది. వీధి మొత్తం పసుపుపచ్చ ప్లాస్టిక్ బకెట్లు పట్టుకుని నిలబడింది. ముందు వరసలో సికుధానీ. కసియానో మిషను సిద్ధంగా ఉంది. కమిషనర్ గారు రిబ్బను కత్తిరించారు. తాడు మీద వంద మూరలు కొలవాలి. అంత పొడుగూ మిషను లోపలికి దిగుతుంది. అథుమాని గుడ్డ విప్పి మొదటి మూర కొలిచాడు.

"ఆగండి!" అన్నాడు కసియానో. దగ్గరికొచ్చి వేలు పట్టుకున్నాడు. "బావగారూ! కొలతలో కల్తీ!"

కమిషనర్ గారు వంగి చూశారు. ఆయన అంత కిందికి వంగడం జిల్లా చరిత్రలో అదే మొదటిసారి.

"ఆస్తేరియా, సర్క్యులర్‌లో గోరు ఉందా?"

"మధ్యవేలి కొన వరకు అని ఉందండి. గోరు మాట లేదు."

"అయితే ఇది శరీరంలో భాగం కాదు. విడిగా చేర్చిన ఉపకరణం. టెండరులో లేని ఉపకరణం ఇవ్వడం నేరం. తీసెయ్యండి."

"గోరంత కూడా మిగల్చరా మీరు?" అని అరిచింది సికుధానీ.

గోరు కత్తిరించారు. కొలత మళ్లీ మొదలైంది. వంద మూరలూ కొలిచి అథుమాని తాడు వదిలాడు. మిషను దిగింది. ఎర్రటి దుమ్ము లేచింది, తర్వాత నల్లటి దుమ్ము. వందో మూర దగ్గర మిషను ఆగింది. పైకొచ్చిన చివరి మట్టిని సికుధానీ పిడికిట్లోకి తీసుకుని పిసికింది. వేళ్ల సందుల్లోంచి తడి వచ్చింది. ఒక్క చుక్క రాలలేదు.

"తడి కనపడింది! పథకం విజయవంతమైంది!" అన్నారు కమిషనర్ గారు.

అథుమాని గొంతు సవరించుకున్నాడు. "అయ్యా... ఇంకో నాలుగు మూరలు దింపితే..."

వీధంతా అతని వైపు చూసింది. కమిషనర్ గారు కోటు జేబులోంచి పొడుగాటి కవరు తీశారు. దాని మీద ముద్ర ఉంది.

"ఇది మీకు ఇవాళ ఇద్దామనే తెచ్చాను పెద్దాయనా. మీరేదో అంటున్నారు?"

అథుమాని బావిని చూశాడు. కవరును చూశాడు. సికుధానీని చూడలేదు.

"ఏం లేదండయ్యా," అన్నాడు.

ఆస్తేరియా కవరు చించి మైకులో చదివింది. "స్టోర్సు ఇన్‌ఛార్జి అథుమాని కిపింగు పదకొండేళ్ల సేవలను గుర్తించి, వారి ఎడమ చేతిని, మోచేతి నుంచి మధ్యవేలి కొన వరకు, గోరు మినహా, నేటి నుంచి పర్మినెంటు చేయడమైనది. మిగతా మనిషి యథాప్రకారం ఇన్‌ఛార్జిగా కొనసాగును."

చప్పట్లు మోగాయి. అథుమాని ఆర్డరు అందుకోవడానికి కుడి చెయ్యి చాపాడు. పెద్దవాళ్ల దగ్గర ఏదైనా కుడి చేత్తోనే తీసుకోవాలని అతనికి చిన్నప్పటి నుంచీ నేర్పారు.

"అది కాదు," అన్నారు కమిషనర్ గారు మృదువుగా. "రెండోది."

అథుమాని ఎడమ చెయ్యి చాపాడు. కమిషనర్ గారు దాన్ని ఆప్యాయంగా పట్టుకుని కెమెరా వైపు తిరిగారు. ఫొటోగ్రాఫరు ఒక కన్ను మూసి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇన్‌ఛార్జిగారూ, మీరు కొంచెం పక్కకు జరగండి. ఫొటోలో చెయ్యి ఉంటే చాలు."

అథుమాని చెయ్యి అక్కడే ఉంచి, జరిగాడు.