మేడమీది గదికి మూడు బాణాలు

మేడమీద ఖాళీ అయిన గది ఒక్కటే. దానిమీద కన్నేసినవాళ్లు ఇద్దరు. ఆ ఇద్దరూ మొగుడూ పెళ్లాలు కావడంతో వ్యవహారం యుద్ధం దాకా వెళ్లింది.

ఆయనది కళ్లజోళ్ల దుకాణం. ఈమధ్య ఆదిమానవుడిలా బాణాలు చెయ్యాలని పిచ్చి పట్టింది. వాగు ఒడ్డున తుప్పల్లో నిటారుగా ఎదిగిన రెమ్మలు కోసుకొచ్చి, బెరడు గీకి, సెగ చూపించి వంకరలు తీస్తాడు. అందుకు గది కావాలి.

ఆవిడ బట్టలు కుడుతుంది. కుట్టుమిషను ప్రస్తుతం పొయ్యి పక్కనే ఉంది. కిందటి వారం నూనె చింది ఎవరిదో తెల్లచొక్కా కాస్తా పూలచొక్కా అయింది.

“గది నాకిస్తే చొక్కాలు బతుకుతాయండీ.”

“నాకిస్తే నీ పొయ్యి బతుకుతుంది. రోజూ దానిమీదే కదా కర్రలు కాలుస్తున్నాను!”

“బెదిరిస్తున్నారా?”

“బతిమాలుతున్నానే!”

చివరికి ఆయనే పందెం వేశాడు. ఆదివారం డాబా మీద గుమ్మడికాయ పెడతారు. తలా మూడు దెబ్బలు. కొట్టినవాళ్లదే గది.

ఆవిడ పుట్టి బుద్ధెరిగి విల్లు పట్టలేదు. ఆయన పదిరోజులుగా దుకాణం వెనక గోనెసంచిని తూట్లు పొడుస్తున్నాడు. ధర్మయుద్ధమే మరి!

“మరి నాకు బాణం?”

“నేనిస్తానుగా!” అంటూ నెల కిందట చేసి మూల పడేసిన బాణం ఆవిడ చేతిలో పెట్టాడు. అది అరటికాయలా వంగి ఉంది. తనకు మాత్రం ముందురోజు కోసిన పచ్చి రెమ్మలు మూడు, పొద్దున్నే సెగపెట్టి గీత గీసినట్టు సరిచేసుకున్నాడు. కోసిన రెమ్మల్ని కట్టకట్టి నెలరోజులు నీడలో ఎండనివ్వాలని ఆయనకు తెలుసు. ఓపికే లేదు.

న్యాయనిర్ణేత పక్కింటి మాజీ బస్సు డ్రైవరు. మంచివాడే గాని, ఏదీ వేళకు బయల్దేరనివ్వడు. నియమాలు చెప్పడానికే ముప్పావుగంట పట్టింది. అంతసేపూ పచ్చి బాణాలు మండుటెండలో గచ్చుమీద పడుకున్నాయి.

ఆయన మొదటి బాణం ఎడమకు దూకి నీళ్లట్యాంకుకు తగిలింది.

“గాలి,” అన్నాడు.

రెండోది కుడికి తిరిగి, పక్క డాబా మీద ఆరేసిన డ్రైవరుగారి ప్యాంటులోంచి దూసుకుపోయింది.

“ఇక నాకు బాగానే ఆడుతుంది, గాలి!” అన్నాడు డ్రైవరు.

మూడోది గుమ్మడికాయ మీంచి ఎగిరి ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్లిపోయింది.

ఆవిడ వంతు. మొదటి దెబ్బ కాయకు కుడిపక్కగా, వెనకున్న పిట్టగోడకు తగిలింది. అదే బాణం తెచ్చి మళ్లీ వేసింది. మళ్లీ అదే చోటు. అప్పుడు మెడలోని టేపు తీసి, కాయనుంచి గోడమీది గీరుదాకా కొలిచింది. పద్దెనిమిది అంగుళాలు. కాయకు ఎడమపక్క అంతే దూరం కొలిచి, గోడమీద సుద్దతో గుర్తు పెట్టి, ఆ గుర్తుకు గురిపెట్టింది.

థప్పుమని గుమ్మడికాయలో దిగింది బాణం.

“మోసం! నువ్వు కాయకు గురిపెట్టనే లేదు!”

“మీ పచ్చికర్రలు పూటకో రకంగా వంగుతాయి. ఇది ఎప్పుడో ఎండి, తన వంకరేదో తేల్చుకుంది. ఎప్పుడూ ఒక్కలాగే ఉండే వంకరతో ఇబ్బందేముందండీ? ఇన్నేళ్లుగా కాపురం చెయ్యడంలా?”

“గది చెల్లెమ్మదే,” అన్నాడు డ్రైవరు. “మరి నా ప్యాంటు?”

“అతుకేసిస్తాను అన్నయ్యగారూ.”

సాయంత్రం కుట్టుమిషను మేడమీదికి మోసింది ఆయనే. ఆవిడ గది కిటికీ కింద నీడ చూపించింది.

“మీ రెమ్మలు ఇక్కడ కట్టకట్టి పెట్టుకోండి. నెలరోజులు ముట్టుకోకూడదు.”

“అన్నాళ్లు నేనేం చెయ్యాలే?”

“పక్కనే కూర్చుని గుండీలు కుట్టండి.”

“గుండీలు కుడితే కర్రలు తొందరగా ఎండుతాయా?”

“ఎండవు. చొక్కాలు తొందరగా పూర్తవుతాయి.”

ఆయన నవ్వాపుకోలేక సూది అందుకున్నాడు.